నాన్న రిపోర్టు గురించి అమ్మకి

మస్కట్,
శుక్రవారం రాత్రి.

అమ్మా,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగం వినకుండానే ఏడుపు అందుకుంటావు. అందుకే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువుకో, నాన్నకీ చదివి వినిపించు.

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలు మామూలే. చిక్కిపోయానని మళ్ళీ మొదలెట్టకు.

అన్నయ్య పంపిన నాన్న రక్తపరీక్ష రిపోర్టు ఆ రాత్రే చూశాను. టోటల్ బిలిరుబిన్ 2.1 అని నల్లగా అచ్చేశారు, అది చూసే కదా నీకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇక్కడ మా ల్యాబులో కొలిచే యూనిట్లు వేరు, అదే రక్తానికి 36 అని వస్తుంది, ఆ అంకె చూస్తే ఏమైపోయేదానివో! దాని కింద లైను మాత్రం ఎవరూ చదవలేదు. డైరెక్ట్ 0.3. అంటే పెరిగిందంతా ఇన్‌డైరెక్టే. ఎర్రకణాలు నాలుగు నెలలు బతికి చితికిపోయినప్పుడు పుట్టే పసుపు రంగే ఈ బిలిరుబిన్. లివర్ దాన్ని నీళ్ళలో కరిగేలా మార్చి పైత్యరసంలో బయటికి పంపుతుంది. మార్చినది డైరెక్ట్, ఇంకా మార్చనిది ఇన్‌డైరెక్ట్. నాన్న లివర్‌కి ఆ మార్చే పని కాస్త నిదానంలా ఉంది, అంతే. చాలామందికి పుట్టుకతోనే ఉంటుందిది, గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. దీని గురించి డాక్టర్లు 1901లోనే రాశారు. ఉపవాసం ఉన్నా, జ్వరమొచ్చినా, నిద్ర చాలకపోయినా కళ్ళు పచ్చబడతాయి. తింటే తగ్గుతుంది. కార్తీక సోమవారం పగలంతా ఏమీ ముట్టకుండా, రాత్రి పాలూ పండుతో సరిపెట్టుకుని, మంగళవారం పరగడుపున వెళ్ళి పరీక్షకి రక్తమిస్తే పెరగక ఏం చేస్తుంది? తాతయ్యకి జ్వరమొచ్చినప్పుడల్లా కళ్ళు పసుపుగా ఉండేవనీ, పైత్యం అనుకునేవాళ్ళమనీ నువ్వే చెప్పావు.

మూత్రం రంగు కనుక్కోమన్నాను, తెల్లగానే ఉందన్నావు. మంచిది. ఇన్‌డైరెక్ట్ మూత్రంలోకి దిగదు. డికాషన్ రంగులో వచ్చినా, దొడ్డికి తెల్లగా అయినా, ఒళ్ళంతా దురద పెట్టినా అది వేరే కథ. అప్పుడు ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

"మావయ్యకీ ఇలాగే మొదలైంది" అన్నావు. ఆ మాట విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఇలా మొదలవలేదమ్మా. అప్పుడు నేను డీఎంఎల్‌టీ, అదే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, చదువుతున్నాను, మావయ్య రిపోర్టు నాకింకా గుర్తే. ఎస్‌జీపీటీ 38. నార్మల్ అని అందరికీ మనసు కుదుటపడింది. లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము అది. లివర్ తన పని తాను చేస్తోందా లేదా అన్నది దానికి తెలీదు. కారడానికి మంచి కణాలే పెద్దగా మిగలకపోతే అదీ నార్మల్‌గానే కనిపిస్తుంది. ఎస్‌జీఓటీ అని అలాంటిదే ఇంకో ఎంజైము, అది దీనికి రెండింతలు దాటింది. తాగేవాళ్ళ రిపోర్టుల్లో తరచూ కనిపించే తీరది. అత్తయ్య ఆ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు, నువ్వూ ఎత్తలేదు. లివర్ పనితనం తెలియాలంటే అది తయారుచేసే అల్బుమిన్ అనే ప్రొటీన్ చూడాలి, రక్తం గడ్డకట్టే టైము (పీటీ) చూడాలి. మావయ్యకి అల్బుమిన్ బాగా పడిపోయి 2.4. కాళ్ళ వాపు, పొట్టలో నీరు, పళ్ళు తోముకుంటే రక్తం... నీకు తెలియనివి కావు.

నాన్న అల్బుమిన్ 4.3. పీటీ బాగుంది. ఎస్‌జీపీటీ 31, ఎస్‌జీఓటీ 28. ఈ రెండు రిపోర్టులూ ఒకటి కావు.

పక్కూరి ఆయన చేత పసరు పోయించొద్దు. చేతికి వాత అసలే వద్దు. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పేరేమో పసరుకి! అందులో ఏం నూరి కలుపుతాడో ఎవరికి తెలుసు? తిప్పతీగ కషాయం కూడా ఆపెయ్యండి. కరోనా రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి ముంబై డాక్టర్లు రాశారు. నూనె మానిపించి, పసుపు మానిపించి వట్టి మజ్జిగన్నం పెడుతున్నావట. కడుపు మాడ్చితేనే ఆ బిలిరుబిన్ పెరుగుతుంది తల్లీ. పప్పు, కూర, చేప అన్నీ పెట్టు.

"ఊళ్ళోవాళ్ళ రక్తం చూస్తావు, నాన్న రక్తం ఎవరు చూస్తారు?" అన్నావు. ఇంటి లోను కడుతున్నది ఈ రక్తాలు చూసే. సంక్రాంతికి సెలవు అడిగాను, ఇవ్వలేదు. ఉగాదికి చూస్తాను. నాన్న ముందు మాత్రం ఆ మాట అనకు.

డాక్టరుగారు చీటీలో సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క) కూడా రాశారు. అన్నయ్య చేయించలేదు. ఎర్రకణాలు మరీ ఎక్కువగా చితికిపోవడం లేదని తేలాలి కదా. రెండు రోజులు కడుపునిండా పెట్టాక బిలిరుబిన్ కూడా మళ్ళీ చేయించమను. గిల్బర్టేనా అని డాక్టరుగారినే అడగాలి, నేను టెక్నీషియన్ని. డబ్బులు అన్నయ్య ఖాతాలో వేశాను. రిపోర్టు ఫొటో అంచులు తెగకుండా తీయమను.

ఆవకాయ సీసా మూత దగ్గర కారి పెట్టెలో చీరలన్నీ నూనె. ఈసారి రెండు కవర్లు చుట్టి పంపు.

నీ
చిన్ని