సెకన్లు లెక్కపెట్టినవారెవరు?

సంపాదకులకు నమస్కారం.

గోడ కూలినా, లారీ ఢీకొన్నా, వాగు పొంగినా అంతా ‘సెకన్ల వ్యవధిలో’ జరిగిపోయిందని రాయడం పత్రికలకూ టీవీ ఛానెళ్లకూ అలవాటైపోయింది. మాటల్లోనైతే అది ‘విత్ ఇన్ సెకండ్స్‌లో’ అయింది; ‘ఇన్’ ఉండగా మళ్లీ ‘లో’ ఎందుకో అనేవారికే తెలియాలి. ఇంగ్లీషు మాట చెవిన పడకూడదన్న పట్టుదల నాకు లేదు. మా ఓరుగల్లు వైపు ఉర్దూ ‘ఏక్‌దం’ తరతరాలుగా నోళ్లలో నలిగి మన మాటే అయిపోయింది. నా అభ్యంతరమల్లా, సెకను అనేది కొలత కాబట్టి, ఎవరూ కొలవని చోట దాన్ని వార్తలో వాడడం గురించే.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెడితే అర్థముంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, మూడు సెకన్లయితే మెరిసింది దాదాపు కిలోమీటరు దూరంలోనని తెలుస్తుంది. వరద సంగతి అలా కాదు. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తిన ఆ వానల్లోనే, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. గంటల తరబడి కురిసిన వానతో వచ్చే ఇటువంటి వరదను ‘సెకన్లలో ముంచేసింది’ అంటే, జనాన్ని హెచ్చరించే వ్యవధే ఎవరికీ దొరకలేదని పాఠకుడు అనుకుంటాడు. అడగవలసిన ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

పంచాంగంలో 24 సెకన్ల విఘడియ ఉన్నా, మన పెద్దలు దాన్ని ముహూర్తాలకే వదిలేసి, మాటల్లో ‘రెప్పపాటు’ అన్నారు. ‘దిగ్గున లేచాడు’ అంటే ఉలికిపాటు, ‘ఉన్నపళంగా బయల్దేరాడు’ అంటే ఉన్నవాడు ఉన్నట్టే కదలడం, ‘ఉన్నట్టుండి’ అంటే ముందు ఏ సూచనా లేకపోవడం తెలుస్తాయి. మా పల్లెల్లో ‘దబ్బున రా’ అంటే తొందర వినిపిస్తుంది. వీటన్నిటి చోటా ‘సడన్‌గా’ పెట్టేస్తే ఆ తేడాలేవీ మిగలవు.

సీసీ కెమెరా దృశ్యంలో సమయం కనిపిస్తే సెకన్లు నిక్షేపంగా రాయండి. లేనప్పుడు, వాన ఎప్పుడు మొదలైందో, హెచ్చరిక ఎన్ని గంటలకు అందిందో, నీళ్లు ఊళ్లోకి ఎప్పుడు చేరాయో రాయాలని విలేకరులకు సూచించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ