షాఫ్ట్ మెట్టు దగ్గరే ఎందుకు విరుగుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఏదైనా యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ముందు వినిపించే మాట ‘నాసిరకం షాఫ్ట్’. షాఫ్ట్ అంటే యంత్రంలో గేర్లనూ బేరింగులనూ మోస్తూ తిరిగే ఇనుప కడ్డీ. నేను ఇరవై ఆరేళ్లుగా లేత్ మీద పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన విరిగిన షాఫ్టుల్లో ఇనుము బాగోలేక విరిగినవి తక్కువే. చాలావరకు మెట్టు దగ్గర, సన్న భాగం లావు భాగాన్ని కలిసే మూలలో విరిగి వచ్చినవే. ఆర్డర్ ఇచ్చేవాళ్లూ పని చేసేవాళ్లూ ముందే ఆ మూల గురించి ఒక్క మాట మాట్లాడుకోవాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

షాఫ్ట్ మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు ఉండదు. బేరింగ్ కూర్చునే చోట ఒక సైజు, గేరు ఎక్కే చోట ఇంకో సైజు, ఆయిల్ సీల్ ఒరుసుకునే చోట మరో సైజు. సైజు మారిన ప్రతిచోటా ఒక మెట్టు వస్తుంది. బేరింగ్ పక్కకు జరగకుండా ఆపేది ఆ మెట్టే. తిరిగే షాఫ్ట్ మీద పక్క నుంచి బరువు పడుతుంటే పైపొర ప్రతి చుట్టులో ఒకసారి సాగుతుంది, ఒకసారి నలుగుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే షాఫ్ట్ రోజంతా ఆగకుండా నడిస్తే అలా 20 లక్షల సార్లకు పైనే. మెట్టు మూల పదునుగా ఉంటే ఆ ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. మూలలో కాస్త గుండ్రం, అంటే మేం రేడియస్ అనేది ఉంటే, ఒత్తిడి నెమ్మదిగా మలుపు తిరుగుతుంది.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక పంపు షాఫ్ట్ చేశాను. దానికి 6205 నంబరు బేరింగ్ ఎక్కాలి. ఎక్కించి చూస్తే మెట్టుకు ఆనలేదు, సందులోంచి సన్నగా వెలుతురు కనిపించింది. నేను వదిలిన రేడియస్ బేరింగ్ అంచు కంటే పెద్దదైపోయింది. టెన్షన్ పడి, మొనదేలిన టూల్ పెట్టి మూలను కోసేశాను. బేరింగ్ చక్కగా ఆనింది, పంపు ఆయన కూడా సంతోషంగా తీసుకెళ్లారు. రెండు నెలలు తిరగకుండానే గుడ్డలో చుట్టిన రెండు ముక్కలు నా బల్ల మీదికొచ్చాయి. విరిగిన ముఖం చాలా మేర నున్నగా, ఒకదాని వెనక ఒకటి వంపు గీతలతో ఉంది. ఒక పక్కన మాత్రం బొటనవేలి గోరంత మేర గరుకుగా మెరుస్తోంది. చివరి క్షణం వరకు బరువంతా మోసింది ఆ గోరంత ఇనుమే. వంపు గీతల్ని వెనక్కి చూసుకుంటూ పోతే అవన్నీ మూలలో నా టూల్ చేసిన గాటు దగ్గర మొదలయ్యాయి. గోరు పెడితే ఆ గాటు తగిలింది. ఇనుముకు ఏ లోపమూ లేదు. తప్పు నాదేనని ఆయనకు చెప్పి, కొత్తది చేసి ఇచ్చాను.

6205 లాంటి బేరింగ్ వెనక 1 మిల్లీమీటర్ వరకు రేడియస్ ఉండొచ్చు. ముక్కు 0.8 మిల్లీమీటర్ గుండ్రంగా ఉన్న కోత ముక్క, అంటే ఇన్సర్ట్‌తో తిప్పితే మూల దానంతటదే సరిగ్గా వస్తుంది. బరువు ఎక్కువై ఇంకా పెద్ద రేడియస్ కావాలంటే, మధ్యలో లోపలి అంచు చెక్కిన రింగు వేసి బేరింగును దాని మీద ఆనించొచ్చు. ఇంకా గట్టి ఇనుము వాడితే సరిపోతుందని కొందరు అంటారు. ఇనుము గట్టిపడే కొద్దీ పదును మూలను ఓర్చుకునే గుణం తగ్గుతుందని వాళ్లకు చెప్పాలి.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ రైలు ప్రమాదం ఇంజిన్ ఇరుసు విరగడంతోనే మొదలైంది, యాభై మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే స్కాట్లండ్ ఇంజినీరు విలియం ర్యాంకిన్ విరిగిన ఇరుసుల్ని పరిశీలించి, పగులు మెట్టు మూలలో పుట్టి లోపలికి పాకుతోందని, అక్కడ వంపు ఉంచాలని రాశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు, ఇరవై మూడు.

ఇక రోజూ ఎదురయ్యే ఇంకో ఇబ్బంది. అరిగిపోయిన షాఫ్ట్ తెచ్చి ‘అచ్చం ఇలాంటిదే చేయండి’ అంటారు. కొలిస్తే బేరింగ్ చోట 24.96 మిల్లీమీటర్లు వస్తుంది. అది అరుగుదల కొలత. దాన్నే దించితే కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే వదులుగా ఆడుతుంది. బేరింగ్ నంబరు ఉంటే చాలు: 6205లో చివరి 05ని అయిదుతో గుణిస్తే 25, అదే దాని రంధ్రం. దానికి కె6 ఫిట్, అంటే బేరింగ్ కాస్త బిగుతుగా కూర్చునే కొలత అయితే షాఫ్ట్ 25.002కీ 25.015కీ మధ్య ఉండాలి. అంటే మా చేతిలో ఉన్నది 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). కోత వేడికి జాబ్, అంటే లేత్ మీదున్న ముక్క, 30 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆ 25 మిల్లీమీటర్లే 9 మైక్రాన్ల దాకా ఉబ్బి కనిపిస్తాయి. అందుకే చివరి కోతకు ముందు జాబ్ చల్లారేదాకా ఆగుతాం. ‘ఇంకా ఎంతసేపండీ’ అని పక్కన నిలబడి అడిగేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోవాలి.

అలాగే బేరింగ్ చోట్లు రెండూ ఒకే మధ్యగీత మీద ఉండాలంటే రెండు కొసల్లో సెంటర్లు (లేత్ మొనలు కూర్చునే చిన్న గుంతలు) వేసి, వాటి మధ్యే తిప్పాలి. చక్‌లో (జాబ్‌ను పట్టుకునే దవడల్లో) ఒక కొస పూర్తి చేసి, తిప్పి పట్టుకుని రెండోది చేస్తే ఎంత చేయి తిరిగినవాడికైనా తేడా వస్తుంది. డ్రా చేసిన, అంటే అచ్చులోంచి లాగి తయారు చేసిన బ్రైట్ బార్‌కు ఒక పక్కే కీవే (గేరు జారకుండా పట్టే బిళ్ల కూర్చునే గాడి) కోస్తే లోపలున్న బిగువు సడలి వంగిపోతుంది కాబట్టి ఫినిషింగ్ కోత ఆ తర్వాతే వేయాలి.

స్కెచ్ ఇచ్చేవాళ్లకు నా విన్నపం. చిత్తుకాగితం మీద పెన్సిల్‌తో గీసినా ఫరవాలేదు, ప్రతి మెట్టు మూల దగ్గర రేడియస్ ఎంతో రాయండి. బేరింగ్ నంబరు రాయండి, వీలైతే బేరింగే తీసుకురండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో, బెల్టు ఎటు లాగుతుందో చెప్పండి. విరిగిన షాఫ్ట్ అయితే రెండు ముక్కలూ తేవాలి. విరిగిన ముఖాన్ని ఎమరీతో రుద్దకండి, ఒకదానికొకటి ఆనించి సరిచూడకండి, కొంచెం నూనె రాసి కాగితంలో చుట్టండి. ఆ ముఖం మీది గీతలు పోతే పగులు ఎక్కడ పుట్టిందో నేను చెప్పలేను.

ఇట్లు,
ఒక లేత్ టర్నర్