పరిశుద్ధపరచబడుట అంటే ఏమిటి?

ప్రియ సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనములు. పరిశుద్ధపరచబడుట అనగానే మచ్చలేని ప్రవర్తన మన మనసుకు వస్తుంది గాని, హెబ్రీ భాషలోని ‘ఖాదోష్’ అనే మాటకు దేవుని కొరకు వేరుచేయబడినది అని భావం. అందుకే ఇశ్రాయేలీయులు అరణ్యములో దేవుని ఆరాధించిన ప్రత్యక్ష గుడారములోని బలిపీఠము, ఉపకరణములు సైతం పరిశుద్ధమైనవిగా ఎంచబడ్డాయి. కలహాలతో, వ్యాజ్యాలతో చీలిపోయిన కొరింథు సంఘాన్ని పౌలు తన మొదటి పత్రిక 1:2లో ‘క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారు’ అని పిలిచి, ఆ తరువాతనే వారి తప్పులను గద్దించాడు. ఈ వరుస నాకెంతో ఆదరణ కలిగిస్తుంది. నీతిమంతులుగా తీర్చబడుట, అంటే విశ్వాసమును బట్టి దేవుడు మనలను నీతిమంతులని ప్రకటించుట, ఒక్కసారే జరిగే దేవుని తీర్పు. పరిశుద్ధతలో ఎదుగుట మాత్రం పరిశుద్ధాత్మ మనలో జీవితాంతం జరిగించే పని అని సంస్కరణ సంఘాలు (కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంటు సంఘాలు) బోధిస్తాయి, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అయితే ఈ జీవితంలోనే ప్రేమలో సంపూర్ణత సాధ్యమని నమ్మాడు. దయచేసి ఆదివారం ఆరాధనకు ముందు రోమా పత్రిక 6వ అధ్యాయం చదివి రండి.