ప్రతిపక్ష ఎంపీ గారికి: నినాదం కాదు, నక్షత్ర ప్రశ్న కావాలి

గౌరవనీయ లోక్‌సభ సభ్యులకు,

ఈపీఎస్-95 (1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌పై మేము పంపిన మూడు వినతులకు జవాబు రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలే. గ్యాస్ బండ, బీపీ మాత్రలు కొంటే చేతిలో మిగిలేది బస్సు చిల్లరే.

గత సమావేశాల్లో మీరు నినాదాలతో వెల్‌లోకి, అంటే స్పీకర్ ముందున్న ఖాళీ స్థలంలోకి వెళ్లారు. కోపం న్యాయమైనదే. కానీ గొడవలో ప్రశ్నోత్తరాల గంట కొట్టుకుపోతే నక్షత్ర ప్రశ్నల (మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినవి) జవాబులు కాగితంగా సభ ముందుకు వస్తాయి, జవాబుపై అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నకు తావుండదు. మంత్రికి అంతకంటే సుఖమేముంది?

రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలే, అవీ లాటరీలో రావాలి. కాబట్టి 15 రోజుల ముందే, ప్రతి అనుకూల తేదీకీ నోటీసు ఇవ్వండి. ‘ప్రభుత్వ దృష్టికి వచ్చిందా’ అని అడిగితే ‘వచ్చింది’ అంటారు, అంతే. వెయ్యి దగ్గరే ఆగినవారు ఎందరు, పెంపు ఫైలు ఏ శాఖలో ఆగిందో అడగండి. లాటరీ తగలకపోతే ప్రజా సమస్యను సభ దృష్టికి తెచ్చే 377 నిబంధన ఉంది. 250 పదాలు చాలు. మంత్రి ‘పరిశీలిస్తాం’ అంటే అది హామీ కింద లెక్క. అమలుకున్న మూడు నెలల గడువు దాటితే, మంత్రుల హామీల అమలును చూసే లోక్‌సభ హామీల కమిటీకి రాయండి.

వచ్చే సమావేశాల్లో మీరిచ్చే నోటీసుల ప్రతులు మాకు పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
బాలానగర్, జీడిమెట్ల విశ్రాంత కార్మికులు, హైదరాబాద్