ఇంజన్ బోరు తప్పించిన అందరికీ కృతజ్ఞతలు

1996 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. నీలం పొగ, అంటే ఆయిల్ కాలుతున్న పొగ, చూసి "పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ దించి బోరు కొట్టించాల్సిందే (సిలిండర్లను లోపల కోసి వెడల్పు చేయించాల్సిందే)" అనే మాట ఖాయమైపోతున్న సమయంలో అడ్డుపడిన వాళ్లందరికీ పేరుపేరునా నమస్కారాలు.

పొగ ఏ వేళ వస్తోందో ముందు చూడమన్న పెద్దాయనకు మొదటి దండం. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని ఒకసారి, కాసేపటికి మాయం. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడి కదిలితే మళ్లీ. ఘాట్‌లో గేరు మీద దిగి యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా ఎక్కువ. ఇవన్నీ వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ చుట్టూ ఉండి ఆయిల్ లోపలికి జారకుండా ఆపే రబ్బరు తొడుగులు) పాడైన గుర్తులు. థ్రాటిల్ మూసినప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టంలో) వాక్యూమ్ పెరిగి, గట్టిపడిన వాల్వ్ సీల్ సందులోంచి ఆయిల్‌ని లాగేస్తుంది. రింగులు అరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద, ఆగకుండా పొగ రావాలి.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఇచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా రుణపడ్డాం. ఇంజన్ వేడి చేసి, మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పితే 165, 160, 165 పీఎస్ఐ. ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అయిదు కూడా పెరగలేదు. రింగుల లోపమైతే ముల్లు బాగా పైకి లేచేది. అయితే ఈ పరీక్ష ఆయిల్ రింగు (సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని గీకే రింగు) సంగతి చెప్పదు, అందుకే పొగ వచ్చే వేళను కూడా కలిపి చూడాలి. బ్రీతర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే గొట్టం) మూసుకుపోలేదని, కూలెంట్ తగ్గడం లేదని కూడా చూసుకున్నాం.

హెడ్ దింపి పని చేసిన మెకానిక్ అన్న చేతికి వందనం. పాత సీల్స్ ఆరూ గోటితో నొక్కితే లొంగనంత బిరుసు. గైడ్‌లో (వాల్వ్ కాడ కదిలే గొట్టంలో) వాల్వ్‌ని కాస్త ఎత్తి అటూఇటూ కదిపి చూశాడు. అక్కడ ఊగులాట ఉంటే కొత్త సీల్స్ ఎక్కువ కాలం నిలవవు. వాల్వ్ కాడకు ఆయిల్ రాసి, కాడ చివర లాకు కూర్చునే గాడి మీద పలచటి ప్లాస్టిక్ తొడుగు వేసి, సీల్‌ని చేత్తోనే నిటారుగా దించాడు. సుత్తి తగిలితే సీల్ అంచు చీలుతుంది. కొత్త హెడ్ గ్యాస్కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు దఫాలుగా బిగించాడు. ఎలాగూ విప్పాం కదా అని టైమింగ్ బెల్ట్ కూడా మార్పించాడు.

సైలెన్సర్‌లో నిలిచిన ఆయిల్ కాలిపోయేదాకా రెండు రోజులు పొగ కనిపించింది, తర్వాత లేదు. 500 కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెట్టిన గుర్తు దగ్గరే ఉంది. తమ్ముడూ, గేజ్ తుడిచి పెట్టాను, ఆదివారం తెచ్చిస్తా.