సముద్ర జీవశాస్త్రం చదువుతానంటున్న పిల్లల తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక తల్లి నా గదికి వచ్చారు. ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్ళమ్మాయి "నేను మెరైన్ బయాలజిస్టునే అవుతా" అని పట్టుబట్టి కూర్చుందట. ఆవిడ మొహంలో కోపం లేదు, టెన్షన్ ఉంది. "ఆ చదువేంటో మాకు తెలీదు మేడమ్. వద్దనాలని లేదు, ఏమీ తెలియకుండా సరేననాలనీ లేదు. ఇప్పటినుంచీ మేం ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు. పావుగంటలో నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. ఇదే మాట అంటున్న పిల్లలు మన బడిలో ఇంకొందరున్నారని టీచర్లు చెప్పారు. అందుకే ఈ నెల ఉత్తరం మొత్తం దీనికే పెడుతున్నాను.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. పిల్లల్ని అడిగితే చాలామంది డాల్ఫిన్ అంటారు, లేకపోతే తిమింగలం అంటారు. వాటితో పనిచేసే శాస్త్రవేత్తలు ఉన్నారు కానీ కొద్దిమందే. ఎక్కువమంది రోజూ చూసేది నీళ్ళలో తేలుతూ బతికే, కంటికి ఆనని ప్లవకాలను, అడుగు బురదలో బతికే పురుగులను, నాచును, వలలో పడ్డ చేపల పొడవులు బరువులను. ఓడ మీద పది రోజులు గడిపి తెచ్చిన నమూనాలతో ల్యాబ్‌లోనూ కంప్యూటర్ ముందూ నెలలు గడిచిపోతాయి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మంచిది. చెబితే ఉత్సాహం చచ్చిపోతుందేమో అనుకోకండి, ఆ చిన్నవాటి కథలు అంత గొప్పగా ఉంటాయి. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని ఈ ప్లవకాలదే. వాటిలో ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా ఉంది. మన వెంట్రుక మందంలో వంద దాకా పక్కపక్కన పట్టేంత చిన్నది. వైద్య పరిశోధనలో కణాలను లెక్కపెట్టడానికి వాడే యంత్రాన్ని ఓడ ఎక్కించేదాకా అది ఏమిటో, ఎంత విరివిగా ఉందో ఎవరికీ సరిగ్గా తెలియదు. శాలీ చిజమ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1988లో దాని గురించి ప్రకటించారు. సూర్యరశ్మితో ఆహారం చేసుకునే జీవుల్లో లెక్కకు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది అదే.

ఆ తల్లి వచ్చి వెళ్ళిన మర్నాడు అమ్మాయిని ల్యాబ్‌కి పిలిచాను. సైన్స్ టీచర్ ఒక చేప పొలుసు కడిగి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, మైక్రోస్కోప్ కింద ఉంచారు. మొదట "ఏమీ కనిపించట్లేదు మేడమ్" అంది. మెల్లగా ఫోకస్ తిప్పుకుంటూ కాసేపు ఊరుకుంది. తర్వాత "గీతలున్నాయి, వేలిముద్రలాగా" అంది. ఇంకాసేపయ్యాక తల ఎత్తకుండానే అడిగింది: "ఇక్కడ గీతలు ఎడంగా ఉన్నాయి, అక్కడ మాత్రం ఒత్తుగా ఉన్నాయి. ఎందుకని?"

చేప బాగా పెరిగే రోజుల్లో పొలుసు మీద గీతలు ఎడంగా పడతాయి, పెరుగుదల మందగిస్తే ఒత్తుగా పడతాయి. చలికాలం గట్టిగా ఉండే నీళ్ళలో ఏడాదికో ఒత్తు పట్టీ కనిపిస్తుంది. చేప లోపలి చెవిలో చిన్న సున్నపు రాయి ఉంటుంది. దాన్ని పల్చగా కోసి చూస్తే చెట్టు మానులోలాగే వలయాలుంటాయి. వాటిని లెక్కపెట్టి చేప వయసు చెప్తారు. ఏ వయసుకు గుడ్లు పెడుతుంది, ఏటా ఎన్ని పట్టుకుంటే ఆ జాతి తరిగిపోకుండా ఉంటుంది అనే పెద్ద లెక్కలన్నీ ఆ వలయాల దగ్గరే మొదలవుతాయి.

ఇవన్నీ ఆ అమ్మాయికి తర్వాత చెప్పాం. నాకు ముఖ్యమనిపించింది ఆ "ఎందుకని". డాల్ఫిన్ అంటే ఇష్టమని వచ్చిన పిల్ల పొలుసు దగ్గర ప్రశ్న వేసింది. ఈ దారిలో వెళ్ళాలంటే ఇష్టం ప్రశ్నగా మారాలి. మనం పిల్లలకు చేయగలిగిన సాయమంతా ఆ మార్పు దగ్గరే ఉందని నేను నమ్ముతాను.

ఇప్పుడు చదువు సంగతి. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట లెక్కలంటే భయపడే ఒక విద్యార్థినికి "జీవశాస్త్రమే కదా, లెక్కల గురించి బెంగ పెట్టుకోకు" అని ధైర్యం చెప్పాను. పీజీలో చేరాక ఆమె ఫోన్ చేసింది. ప్రతి ప్రాజెక్టులోనూ స్టాటిస్టిక్స్ కావాలని, తనకేమో మొదటి మెట్టు కూడా తెలియదని చెబుతూ ఏడ్చింది. ఏడాది పాటు రాత్రుళ్ళు కూర్చుని మొదటినుంచి నేర్చుకుని గట్టెక్కింది. ఆ ఏడాది కష్టం నా మాట వల్ల వచ్చిందే. అప్పటినుంచి జీవశాస్త్రం ఇష్టమన్న ప్రతి బిడ్డకూ లెక్కలు వదలొద్దని చెప్తున్నాను.

లెక్కలెందుకో ఇంట్లోనే చూపించొచ్చు. ఒక గిన్నె నిండా గింజలు పోయండి. ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టకూడదు. అందులోంచి యాభై తీసి, ఒక్కోదానికి రంగు చుక్క పెట్టి, మళ్ళీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా ఒక గుప్పెడు తియ్యమనండి. గుప్పెట్లో నలభై గింజలు వచ్చి, వాటిలో అయిదింటికి చుక్క ఉందనుకుందాం. అంటే ఎనిమిదింట ఒకటి. మనం చుక్క పెట్టినవి యాభై కాబట్టి గిన్నెలో సుమారు 400 ఉండాలి. తర్వాత అన్నీ లెక్కపెట్టి, అంచనా ఎంత తప్పిందో చూడమనండి. మళ్ళీ గుప్పెడు తీస్తే వేరే సంఖ్య వస్తుంది. ఎందుకొచ్చిందో వాళ్ళనే ఆలోచించనివ్వండి. చేపలకూ తాబేళ్ళకూ గుర్తులు కట్టి వదిలి, మళ్ళీ పట్టి, సముద్రంలో ఎన్నున్నాయో అంచనా కట్టే పద్ధతి మూలం ఇదే. ఇందులో పట్టు దొరికిన పిల్లలకు పై తరగతుల్లో ఆర్, పైథాన్ లాంటి కంప్యూటర్ భాషలు అంత భయం పుట్టించవు. ఆ రెండూ ఇప్పుడు ఈ రంగంలో రోజువారీ పనిముట్లు.

భౌతిక, రసాయన శాస్త్రాలను కూడా తక్కువ చేయొద్దు. 1977లో గాలాపగోస్ దీవుల దగ్గర సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతుకు ఆల్విన్ అనే చిన్న జలాంతర్వాహనంలో కొందరు శాస్త్రవేత్తలు దిగారు. సముద్రపు అడుగున వేడినీటి ఊటలు ఉన్నాయేమో చూడాలని వెళ్ళారు. వాళ్ళంతా రాళ్ళనూ నీటి రసాయనాన్నీ చదివినవాళ్ళు, జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. ఊటలు దొరికాయి. వాటి చుట్టూ, వెలుగు సోకని ఆ చీకట్లో, గుత్తులు గుత్తులుగా ఆల్చిప్పలు, గొట్టాల్లో బతికే పొడవాటి పురుగులు కనిపించాయి. ప్రాణుల కోసం వెళ్ళలేదు కాబట్టి నమూనాలు నిల్వచేసే మందు కూడా వాళ్ళ దగ్గర సరిపడా లేదు. ఓడలో ఉన్న వోడ్కాలో కొన్నిటిని దాచారు. పైకి తెచ్చిన నీటి సీసాల మూత తీస్తే కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది, అది గంధకం ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఆ పురుగులకేమో నోరు లేదు, పేగూ లేదు. మరి ఏం తిని బతుకుతున్నాయి?

1980లో హార్వర్డ్‌లో పరిశోధన విద్యార్థినిగా చేరిన కొత్తలోనే కొలీన్ కావనో ఆ పురుగుల మీద ఒక ఉపన్యాసం వింటోంది. పురుగు శరీరంలో గంధకపు స్ఫటికాలు ఉన్నాయని వక్త మాటల్లో మాటగా అన్నారు. ఆమె అక్కడే లేచి నిలబడింది. అయితే లోపల గంధకంతో శక్తి తయారుచేసుకునే బాక్టీరియా ఉండాలి, పురుగును అవే పోషిస్తున్నాయి అంది. వక్త వెంటనే ఒప్పుకోలేదు, అయినా పరీక్షించమని ఒక ముక్క ఇచ్చారు. ఆమె చెప్పిందే నిజమైంది, మర్నాటి ఏడాది అచ్చయింది. గంధకపు రసాయనం బుర్రలో లేని విద్యార్థికి ఆ ఒక్క మాట చెవిన పడేదే కాదు. ఈ కథ మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. పెద్దవాళ్ళ మధ్య లేచి ప్రశ్న అడగడం కూడా ఇందులో ఉంది.

చదువుతో పాటు అలవాటు చేయాల్సింది నోటుబుక్. తేదీ, సమయం, వాతావరణం, చూసింది, చూసినదాని బొమ్మ. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు. 1938 డిసెంబరు 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవుకు ఒక పడవ తెచ్చిన చేపల కుప్పలో మార్జరీ కోర్టెనే లాటిమర్‌కు నీలం రెక్క ఒకటి కనిపించింది. ఆవిడ చిన్న మ్యూజియం బాధ్యత చూసేవారు, విశ్వవిద్యాలయ డిగ్రీ లేదు. ఆ చేప ఏమిటో తెలియలేదు, మామూలు చేప కాదని మాత్రం తెలిసింది. టాక్సీలో మ్యూజియానికి చేర్చారు. వేసవి ఎండల్లో అంత పెద్ద చేపను నిల్వ ఉంచే చోటు దొరకక లోపలి భాగాలు పాడైపోయాయి. కానీ కొలతలు రాసి, బొమ్మ గీసి, జె.ఎల్.బి. స్మిత్ అనే చేపల నిపుణుడికి ఉత్తరం వేశారు. డైనోసార్ల కాలంతోనే అంతరించిందనుకున్న సీలకాంత్ అని ఆయన ఆ బొమ్మ చూసి గుర్తుపట్టారు. ఈరోజు ఆ చేప శాస్త్రీయనామం లాటిమేరియా. మీ పిల్లల చేతిలో ఫోన్ కెమెరా ఉండొచ్చు. అయినా గీయమనండి. గీస్తేనే రెక్కలు ఎన్నున్నాయో లెక్కపెడతారు.

మేం సముద్రానికి దూరంగా ఉంటాం కదా అని కొందరు అడుగుతారు. అమెరికన్ రచయిత్రి రేచల్ కార్సన్ పుట్టి పెరిగింది సముద్రం ఆనవాలు లేని చోట. కాలేజీలో మొదట ఇంగ్లీషు సాహిత్యం తీసుకుని, తర్వాత జీవశాస్త్రానికి మారారు. సముద్రాన్ని మొదటిసారి చూసింది 1929లో, డిగ్రీ అయ్యాక, వుడ్స్ హోల్‌లోని ప్రయోగశాలకు వెళ్ళినప్పుడు. ఆ తర్వాత సముద్రం గురించి ఆవిడ రాసినవి లక్షలమంది చదివారు. చెరువు గట్టూ నీటి గుంటా చాలు మొదలుపెట్టడానికి. చెరువు నీటి చుక్కలోనూ ప్లవకాలుంటాయి. చూసినవాటి ఫొటోలు పెడితే నలుగురూ కలిసి పేరు తేల్చే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలున్నాయి, పెద్దవాళ్ళ తోడుతో వాడొచ్చు. అన్నట్టు, కార్సన్ కథలో ఇంకోటి గమనించండి. భాషా ఈ పనికి కావాలి. కనుక్కున్నది నలుగురికీ అర్థమయ్యేలా రాయలేకపోతే అది సొరుగులోనే ఉండిపోతుంది.

డిగ్రీ దగ్గరికొస్తే, "మెరైన్ బయాలజీ" అనే పేరున్న కోర్సే దొరకాలని కంగారు పడకండి. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం, మత్స్యశాస్త్రం, వీటిలో ఏదైనా గట్టిగా చదివి పీజీలో సముద్రం వైపు తిరగొచ్చు. కాలేజీ పేరు కన్నా ల్యాబ్‌లో చేసిన పని ఎక్కువ అక్కరకొస్తుంది. సెలవుల్లో ఏ పరిశోధకుడి దగ్గరైనా సీసాలు కడగడం, నమూనాలకు పేర్లు అంటించడంతో మొదలైనా సరే. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ సాధారణంగా తప్పదు, అంటే ఏళ్ళ తరబడి ఓపిక. చేపల పెంపకం, అక్వేరియంలు, తీరంలో కట్టే నిర్మాణాల వల్ల జీవులకు జరిగే నష్టం అంచనా, ల్యాబ్ పనులు, బోధన లాంటి చాలా వాటికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఈత నేర్పించండి. ఈ వృత్తి కోసం కాకపోయినా నేర్పించండి. స్కూబా డైవింగ్ తర్వాత చూసుకోవచ్చు, ఒక్కసారీ డైవ్ చేయకుండా ఈ రంగంలో జీవితమంతా పనిచేసినవాళ్ళున్నారు. పడవ ఊపుకి కడుపులో తిప్పితే ఆశ వదులుకోనక్కర్లేదు, అనుభవమున్న శాస్త్రవేత్తలకూ తిప్పుతుంది.

ఉద్యోగాల సంగతి దాచను. పోటీ ఎక్కువ. మొదటి కొన్నేళ్ళు ప్రాజెక్టు ఉన్నంతకాలమే జీతం ఉండే పనులే ఎక్కువగా దొరుకుతాయి. జీతం కోసమే అయితే ఇంతకన్నా సులువైన దారులు చాలా ఉన్నాయి. ఇది తెలిసి కూడా బిడ్డ ఆ వైపే చూస్తుంటే, లెక్కలు, కంప్యూటర్, రాత బాగా నేర్చుకుని ఉంటే, దారి మార్చుకోవాల్సి వచ్చినా ఆ చదువు వృథా పోదు. పధ్నాలుగేళ్ళకు మనసు మారినా తప్పేం లేదు. మారనివ్వండి.

సొరచేపల మీద జీవితమంతా పనిచేసిన యూజనీ క్లార్క్‌ను తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ శనివారాలు తను పనికి వెళ్తూ న్యూయార్క్‌లోని అక్వేరియంలో దింపి వెళ్ళేవారు. ఆ తల్లి శాస్త్రవేత్తేమీ కాదు. బిడ్డ గాజుకు మొహం ఆనించి గంటలకొద్దీ చూస్తుంటే చూడనిచ్చారు. క్లార్క్ తొంభై దాటాక కూడా సముద్రంలో డైవ్ చేశారు.

నా దగ్గరికి వచ్చిన తల్లి ఈ వారం మళ్ళీ కనిపించారు. గింజల లెక్క మూడుసార్లు చేశారట, మూడుసార్లూ వేరే సంఖ్య వచ్చిందట. అమ్మాయి నాలుగోసారి రెండు గుప్పెళ్ళు తీస్తే ఏమవుతుందో చూస్తానని గిన్నె పక్కన పెట్టి నిద్రపోయిందట.

వచ్చే నెల నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటలు సైన్స్ ల్యాబ్ తెరిచి ఉంచుతున్నాం. రెండు మైక్రోస్కోప్‌లు, ఒక టీచర్, నేనూ ఉంటాం. పిల్లలు నోటుబుక్, పెన్సిల్ తెచ్చుకోవాలి. చేప పొలుసు గానీ చెరువు నీళ్ళు గానీ మూత ఉన్న చిన్న సీసాలో తేవచ్చు, ఎక్కడిదో ఏ రోజు తీసిందో సీసా మీద రాయించండి. మీరూ రండి, మైక్రోస్కోప్‌లో చూడ్డానికి మీ వంతు కూడా వస్తుంది.

నమస్కారాలతో,
ప్రధానోపాధ్యాయురాలు