ఆటకు వెళ్ళామా, భజనకా?

లివర్‌పూల్,
ఆదివారం

పెదనాన్న గారికి నమస్కారాలు.

టీవీలో మా లివర్‌పూల్ జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి మొన్న ఫోనులో మీరు అడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పి ఉంటే మాటకు మాట పెరిగి పెద్దమ్మ ఫోను లాక్కునేది. అందుకే కాగితం మీద చెబుతున్నాను. "అరవై వేల మంది కండువాలు ఎత్తి పాడుతుంటే ఇక ఆట చూసేది ఎవరు? అది మ్యాచా, భజనా?" అన్నారు.

మీరు వెక్కిరించారు గానీ, నిజంగా భజనే. అయ్యప్ప దీక్షల రోజుల్లో మన వీధి చివర పందిట్లో సినిమా పాటల వరుసలకు స్వామి మాటలు కట్టి పాడేవారు కదా, ఇక్కడ జరిగేదీ అదే. లివర్‌పూల్ తరఫున ఆడిన మొహమ్మద్ సలా మీద కట్టిన పాటకు వరుస జేమ్స్ అనే బృందం నుంచి తెచ్చుకున్నారు. ఆ బృందం ఎక్కడిదనుకున్నారు? మాంచెస్టర్‌ది! మాంచెస్టర్ పేరెత్తితే మండిపడే ఈ లివర్‌పూల్ అభిమానులే ఆ వరుస మీద చప్పట్లు కొడతారు. 2018లో యూరప్ పోటీల వేళ ఊరిని ఊపేసిన మరో పాటకు మూలం 1985 నాటి ఇటలీ డిస్కో పాట. వరుస ఎక్కడిదని ఎవరూ పట్టించుకోరు. ఫుట్‌బాల్ పాటకు సొంత బాణీ అక్కర్లేదు, సొంత గొంతు ఉంటే చాలునని నా అభిప్రాయం.

మీరు టీవీలో విన్నది మాత్రం వేరే సంగతి. 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' అసలు ఫుట్‌బాల్ పాటే కాదు. 1945లో అమెరికాలో వచ్చిన ఒక సంగీత నాటకంలో, భర్త చనిపోయిన స్త్రీని ఓదార్చే పాట. 1963లో ఈ ఊరి కుర్రాడు జెర్రీ మార్స్‌డెన్ తన బృందంతో కలిసి దాన్ని రికార్డు చేశాడు, అది అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. అప్పట్లో మా జట్టు మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆట మొదలయ్యే ముందు ఆ వారం మొదటి పది పాటలూ మైకులో వేసేవారట. కొన్ని వారాలకు ఈ పాట పట్టికలోంచి జారిపోయింది. మైకులో రాకపోయినా జనమే అందుకున్నారని ఇక్కడివాళ్ళు చెబుతారు. గ్లాస్గోలో సెల్టిక్ జట్టు అభిమానులూ ఇదే పాట పాడతారు, మేమే ముందు అని గొడవకు వస్తారు. ఆ తగవులో నేను తలదూర్చను.

పాట కింది స్థాయిలో మెల్లగా మొదలవుతుంది, గొంతు లేనివాడైనా అందుకోగలడు. తర్వాత మెట్టు మెట్టుగా పైకి పోయి చివరికి మామూలు మనిషికి అందని చోటికి చేరుతుంది. అక్కడ వేల గొంతులు ఒక్కసారిగా జీరబోతాయి. జెర్రీ రికార్డులో ఆ చోటు శుభ్రంగా ఉంటుంది, మైదానంలో ఉండదు. నాకు మైదానంలోదే ఇష్టం. పోయిన నెల మ్యాచ్‌లో నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన కూర్చున్నారు. పాట మొదలవగానే నోట్లోని పిప్పరమెంటు బిళ్ళను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఉతికి ఉతికి ఎరుపు వెలిసిపోయిన కండువాను రెండు చేతులతో తలపైకి ఎత్తారు. మైకులో రికార్డు సన్నగిల్లి ఆగిపోయింది, జనం ఆగలేదు. ఆయన కళ్ళు మూసుకుని చివరి మాట దాకా పాడి, కండువా దించి, కూర్చుంటూనే రెఫరీని తిట్టడం మొదలుపెట్టారు. ఆట ఇంకా మొదలే కాలేదు!

ఆ పాట బరువు ఆ తరం వాళ్ళకు తెలిసినంతగా నాకు తెలియదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జనం ఒత్తిడికి నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. తప్పు అభిమానులదేనని పోలీసులు చెప్పారు, పత్రికల్లోనూ రాశారు. అభిమానుల తప్పు లేదని జ్యూరీ తేల్చింది 2016లో. అన్నేళ్ళూ స్మారక సభల్లో వీళ్ళు పాడుకున్నది ఈ పాటనే.

మీకు నచ్చే ముచ్చట ఒకటి. గోల్ వెనక, పాటకు గుండెకాయలాంటి ఆ స్టాండును కాప్ అంటారు. 1906లో కట్టినప్పుడు దక్షిణాఫ్రికాలోని స్పియన్ కాప్ కొండ పేరు పెట్టారు. 1900లో అక్కడ జరిగిన బోయర్ యుద్ధంలో గాయపడిన సైనికులను మోసిన భారతీయుల దళానికి నాయకుడు మన గాంధీగారే. నా పక్క సీట్ల వాళ్ళకు ఈ సంగతి చెబితే నమ్మలేదు.

ఇక బీటిల్స్ పాటల బృందం. ఈ ఊరి వాళ్ళే అయినా ఆ నలుగురికీ ఫుట్‌బాల్ పిచ్చి పెద్దగా లేదు. 1964లో బీబీసీ వాళ్ళు తీసిన దృశ్యాలున్నాయి, కోట్లూ టైలూ వేసుకున్న మగవాళ్ళు కాప్‌లో ఊగుతూ వాళ్ళ పాటలు పాడుతుంటారు. ఆ తొలినాటి పాటలే మైదానానికి పనికొచ్చేవి. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న జార్జ్ హారిసన్ అంటే నాకు ప్రాణం, అయినా ఆయన పాటలు ఇంట్లో దీపం తగ్గించుకుని వినాల్సినవి. ఈ ఊరి మరో జట్టు ఎవర్టన్ మీద నాకున్న కోపం మీకు తెలిసిందే. వాళ్ళ ఆటగాళ్ళు బయటికి వచ్చేటప్పుడు మాత్రం పిల్లనగ్రోవి, డ్రమ్ములతో ఒక బాణీ మోగుతుంది. 1962లో మొదలైన పోలీసు టీవీ సీరియల్‌ది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అభిమాని మీరు, వింటే పార్టీ మారతారేమోనని భయం.

నేను భరించలేనిది ఒక్కటే, గోల్ పడగానే మైకులో మోగించే పాట. ఉప్పల్‌లో ఐపీఎల్ చూసినప్పుడు కూడా ఇదే చిరాకు. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో డీజే చెబుతాడు. జనం గొంతు నొక్కడానికి జనం దగ్గరే డబ్బు తీసుకోవడం ఏమిటి?

పాటలతో గోల్స్ పడవని మీరంటారు. 1962 జకార్తా ఏషియాడ్ ఫుట్‌బాల్ ఫైనల్ చూపిస్తారు, నాకు తెలుసు. స్టేడియం నిండా జనం మన జట్టును గేలి చేస్తున్నా, కోచ్ రహీం సాహెబ్ కుర్రాళ్ళు దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. ఆ జట్టులో మన సికింద్రాబాద్ బలరాం ఉన్నాడని ఇక్కడ ఎంతమందికి చెప్పానో! ఒప్పుకుంటాను, అది పాట తోడు లేని గెలుపు. కానీ 2005లో ఇస్తాంబుల్‌లో యూరప్ కప్పు ఫైనల్లో లివర్‌పూల్ ఇటలీ జట్టు మిలాన్ మీద సగం ఆటకు 0-3తో వెనకబడినప్పుడు, గదిలో కూర్చున్న ఆటగాళ్ళకు బయట జనం పాడుతున్నది వినిపించిందట. 3-3 చేసి పెనాల్టీల్లో కప్పు గెలిచారు. దీనికి మీ జవాబు ఏమిటో రాయండి.

అలాగే ఫతే మైదానంలో పోలీస్ జట్టు గోల్ కొట్టినప్పుడు మీ నాన్నగారు, వాళ్ళ స్నేహితులు ఏమని అరిచేవారో గుర్తున్నంత వరకు రాయండి. పాటలుంటే మాటలతో సహా కావాలి. ఇక్కడి స్నేహితులకు వినిపిస్తాను.

వచ్చే నెల ఇండియాకు వస్తున్న మిత్రుడి చేత మీకొక ఎర్ర కండువా పంపుతున్నాను. తమ్ముడి కంట పడనివ్వకండి, వాడు మాంచెస్టర్ సిటీ మనిషి.

పెద్దమ్మకు నమస్కారాలు.

మీ అబ్బాయి